నానమ్మకు వినపడాలి

ఇన్‌స్పెక్షనుకు ముందు మూడో తరగతి మాస్టారు చేయవలసిన పనులు ఇవి:

గోడమీది ప్రపంచపటం ఒక మూల ఊడి వేలాడుతోంది, దానికి మేకు కొట్టాలి.

నల్లబల్లకు రంగు పూయించాలి.

కాలు విరిగిన బెంచీని మూలకు జరిపి, దానిమీద పూలకుండీ పెట్టాలి.

అమ్మాయిల నోటుపుస్తకాలు బల్లమీద, ఎవరు తెరిచినా మంచి పేజీయే వచ్చేలా పేర్చాలి.

అబ్బాయిల నోటుపుస్తకాలు బీరువాలో పెట్టి తాళం వేయాలి. తాళంచెవి ఎక్కడ పెట్టిందీ మరిచిపోవాలి.

అబ్బాయిలను ముందు బెంచీల్లో, అమ్మాయిలను వెనక బెంచీల్లో కూర్చోబెట్టాలి.

మైకుకు జలుబు చేయకుండా చూసుకోవాలి.

చివరి పని అన్నిటికన్నా ముఖ్యమైనది. మైకు అంటే కరెంటుతో పనిచేసేది కాదు, మాస్టారి కొడుకు. పాఠంలో మొదటి మాట అందిస్తే చాలు, చివరి చుక్కదాకా ఊపిరి తీసుకోకుండా అప్పజెప్పేవాడు. వాడు నోరు తెరిస్తే పక్క తరగతి పిల్లలు కూడా పలకలు కిందపెట్టి వినాల్సి వచ్చేది. అందుకే బడిలో ఆ పేరు స్థిరపడింది. వాడితోపాటు పుట్టిన కవల చెల్లెలూ అదే తరగతి. ఆ పిల్ల అక్షరాలు ముత్యాల్లా ఉంటాయి కాబట్టి అందరూ ముత్యం అనేవారు. ముత్యం గొంతు ఎలా ఉంటుందో బడిలో ఎవరికీ తెలియదు. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తి ఊరుకునేది.

మాస్టారికి చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు. ఆ మాట ముందే చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో మూడో తరగతి సంత బజారులా ఉండేది. అబ్బాయిలు ఒక్క నిమిషం నోరు మూసేవారు కాదు. మూయించడం కన్నా వాడుకోవడం మేలనిపించి, వాళ్లకు పాఠాలు బట్టీ పట్టించి గట్టిగా అప్పజెప్పించడం మొదలుపెట్టారు. అమ్మాయిలు నెమ్మదిగా కూర్చునేవారు. కూర్చున్నవాళ్లకు చూచిరాత ఇచ్చారు. అల్లరికి నోటిపని, నెమ్మదికి చేతిపని. తరగతి దారిలో పడింది. ఏళ్లు గడిచేసరికి అబ్బాయిలకు రాయడం అక్కర్లేకుండా, అమ్మాయిలకు మాట్లాడడం అక్కర్లేకుండా పోయింది. ఎవరైనా అడిగితే మాస్టారు ఛాతీ విరుచుకుని చెప్పేవారు కూడా.

"మా తరగతిలో ఆడామగా తేడా లేదండీ. పని సగం సగం. సమానత్వం అంటే ఇంతకన్నా ఏముంటుంది?"

ఇన్‌స్పెక్టరుగారూ అదే అనుకునేవారు. ఆయన వచ్చి మైకు గొంతు విని, ముత్యం పుస్తకం చూసి, టీ తాగి, "ఈ తరగతికి అన్నీ వచ్చు" అని రాసి వెళ్లేవారు. ఆ మాటలో అబద్ధం లేదు. తరగతికి అన్నీ వచ్చు. తరగతిలో ఉన్న ఏ ఒక్కరికీ అన్నీ రావు. ఈ రెంటికీ తేడా ఉందని అప్పటిదాకా ఎవరికీ తట్టలేదు.

ఆ ఏడు మేకు కొట్టడం, రంగు పూయించడం అయిపోయి, మాస్టారు తాళంచెవి మరిచిపోయే పనిలో ఉండగా పెద్ద మేడమ్ పిలిపించారు. పెద్ద మేడమ్ అంటే హెడ్మిస్ట్రెస్. ఆవిడ కళ్లజోడు దారంతో మెడలో వేలాడుతుంటుంది. చెడ్డ కబురు చెప్పేముందు దాన్ని తీసి తుడుస్తారు. మాస్టారు లోపలికి వెళ్లేసరికి తుడుస్తున్నారు.

"కూర్చోండి మాస్టారూ. పాత ఇన్‌స్పెక్టరుగారు రిటైరయ్యారు."

"అయ్యో. మంచి మనిషి మేడమ్."

"కొత్తగా ఒకావిడ వచ్చింది. టీ తాగదట."

మాస్టారు కుర్చీ అంచుకు జరిగారు. "మరి వచ్చి ఏం చేస్తారట?"

"ఒక్కొక్కళ్లనీ విడిగా పిలుస్తుందట. ఎన్నడూ చూడని పేజీ ఇచ్చి పైకి చదవమంటుందట. తర్వాత అయిదు వాక్యాలు సొంతంగా రాయాలట. రెండూ వస్తేనే నాలుగో తరగతి. ఒకటి తప్పినా మళ్లీ మూడే."

"అందరూ రెండూనా?"

"అందరూ రెండూ."

"అదెలాగండీ. మా తరగతిలో చదివే సెక్షను వేరు, రాసే సెక్షను వేరు."

పెద్ద మేడమ్ కళ్లజోడు పెట్టుకుని ఆయన్ని మొదటిసారి చూస్తున్నట్టు చూశారు. "తహసీల్దారు ఆఫీసు నడుపుతున్నారా మాస్టారూ? వాళ్లు పిల్లలు. మీకు రెండు నెలలుంది. ఏం చేస్తారో చేయండి."

మాస్టారు ధైర్యం తెచ్చుకున్నారు. మిగతావాళ్ల సంగతి ఎలా ఉన్నా, తన పిల్లలు తన పిల్లలే కదా. సాయంత్రం ఇంటికి వెళ్లి, ముందు గదిలో ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. ఆ గదిలోనే ఒక గోడవైపు వాళ్లమ్మ కుట్టుమిషను. ఆవిడ నాలుగు వీధులకు బట్టలు కుడుతుంది. ఇంకో గోడవైపు మాస్టారి తల్లి, అంటే పిల్లల నానమ్మ, వాలుకుర్చీలో కూర్చుని ఉంటుంది. ఆవిడకు చెవులు సరిగ్గా వినపడవు. అందుకని ఆ ఇంట్లో మైకుకు ఉన్నంత మర్యాద ఇంకెవరికీ లేదు.

"ఒరేయ్, మన ఇంటి గురించి అయిదు వాక్యాలు రాయి," అన్నారు మాస్టారు.

మైకు పెన్సిలు పుచ్చుకున్నాడు. దాన్ని వాడు స్పానరులా పట్టుకున్నాడు. నాలుక బయటపెట్టి, తల ఒకవైపు వాల్చి, చాలాసేపు కష్టపడి కాగితం చేతికిచ్చాడు.

"ఇదేంట్రా?"

"ఇల్లు నాన్నా."

"బొమ్మ గీయమన్నానా? రాయమన్నాను."

"కింద రాశాను కదా."

"ఈ గీతలా? ఇవి మెట్లనుకున్నాను."

మిషను చప్పుడు ఆగింది. మాస్టారు అటు చూడకుండా కూతురి వైపు తిరిగారు. "ముత్యం, నువ్వు రామ్మా. ఇదిగో, ఈ పేజీ పైకి చదువు."

ముత్యం వారపత్రిక అందుకుంది. కళ్లు మొదటి వరస మీదినుంచి చివరి వరసదాకా చకచకా దిగాయి. పెదవులు కదిలాయి. పేజీ తిప్పింది.

"చదవమ్మా."

"చదివేశాను నాన్నా," అంది. ఆ మాట కూడా పక్కనున్న దిండుకు చెప్పినట్టు అంది.

"పైకి."

ముత్యం నోరు తెరిచింది. గొంతు పెగల్లేదు. మెడమీది నరం ఒకటి కదిలింది, కళ్లలో నీళ్లు తిరిగాయి, అంతే.

మాస్టారు తల పట్టుకున్నారు. "ఇద్దరికీ పోతుంది. ఇద్దరూ మళ్లీ మూడే. మాస్టారి సొంత పిల్లలు. ఇక మిగతా తరగతి సంగతి చెప్పక్కర్లేదు."

"ఏవండీ," అంది వాళ్లమ్మ దారం పళ్లతో తెంపుతూ. "నేను ఒక చొక్కాకి కుడిచెయ్యి కుట్టి, ఇంకో చొక్కాకి ఎడమచెయ్యి కుట్టి, రెండు చొక్కాలు అయిపోయాయంటే ఎవరైనా తొడుక్కుంటారా?"

"నువ్వొకదానివి. పుండుమీద కారం చల్లకు."

"చల్లట్లేదు. మీరు కుట్టిన చొక్కాలు చూసి చెప్తున్నా."

ఇంతలో వాలుకుర్చీలోంచి కేక వచ్చింది. "ఒరేయ్ మైకూ. వారపత్రిక వచ్చిందిగా. నా సీరియల్ చదవవేంరా?"

ప్రతివారం జరిగేదే అది. నానమ్మ బడి ముఖం చూసిన మనిషి కాదు. ఆవిడకు ఆ సీరియలంటే ప్రాణం. అందులో ఒక పేదింటి పిల్ల కష్టపడి నర్సు చదువు చదువుతుంది. వారపత్రిక రాగానే మైకు దాన్ని ముందు పట్టుకుని చదివిపెడతాడు. మాస్టారు ఆ వేళకు ట్యూషన్లకు వెళ్లిపోతారు కాబట్టి ఆయన ఎన్నడూ వినలేదు. ఆ రోజు దిగాలుగా కూర్చుండిపోయారు కాబట్టి విన్నారు.

మైకు పేజీలోని బొమ్మ ఒకసారి పరకాయించి చూసి, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. "నర్సు నది ఒడ్డున నిలిచెను. నదిలో మొసలి ఉండెను. మొసలి నీటిలోను, నేలమీదను జీవించును. దానికి నాలుగు కాళ్లు కలవు. దాని చర్మము గరుకుగా ఉండును."

మాస్టారు ఉలిక్కిపడి తలెత్తారు. అది సీరియల్ కాదు, మూడో తరగతి తొమ్మిదో పాఠం.

"ఎప్పుడూ మొసలి గొడవేనా," అంది నానమ్మ. "నర్సు సంగతి చెప్పరా."

"నర్సుకు రెండు కాళ్లు కలవు," అన్నాడు మైకు తడుముకోకుండా.

"తర్వాత?"

మైకు కాసేపు ఆలోచించాడు. "ఏడొకట్ల ఏడు, ఏడు రెళ్లు పధ్నాలుగు..."

"మధ్యలో ఎక్కాలెందుకురా?"

"ఆస్పత్రిలో మాత్రలు లెక్కపెడుతోంది నానమ్మా."

నానమ్మ తలాడించి, కళ్లు ఒత్తుకుంది. "పాపం, ఎంత కష్టం వచ్చిందిరా ఆ పిల్లకి. పోయినవారం దాని స్నేహితురాల్ని మొసలి మింగేసింది. ఈసారి ఇదీ అదే ఒడ్డున నిలబడింది. చూస్తుండు, దీన్ని కూడా మింగేస్తుంది. చదువుకున్న ఆడపిల్లలకి ఈ కథల్లో మంచి జరగనివ్వరు."

ముత్యం అప్పటిదాకా మూల నిలబడి వింటోంది. ఆ పిల్ల ప్రతివారం ఆ సీరియల్ అందరికన్నా ముందు మనసులో చదువుకునేది. అన్నయ్య ఏం చెబుతున్నాడో ఆ వేళకు వంటింట్లో అమ్మకు సాయం చేస్తూ ఉండడంవల్ల సరిగ్గా వినేది కాదు. ఇప్పుడు విన్నది. వాళ్ల నాన్న అడిగితే రానిది, ఆ అన్యాయం చూడగానే వచ్చింది.

"చావలేదు నానమ్మా," అంది.

"ఏంటే?"

"స్నేహితురాలు చావలేదు."

"వినపడలా."

"ఎవ్వరూ చావలేదు నానమ్మా. మొసలే లేదు. వాళ్లిద్దరూ పరీక్ష పాసై పెద్దాసుపత్రిలో ఉద్యోగాల్లో చేరారు!"

మిషను మళ్లీ ఆగింది. ఎదురింటివాళ్లు కిటికీ తీసి చూశారు. మాస్టారు తన కూతురి నిండు గొంతు మొదటిసారి విన్నారు. కాస్త బొంగురుగా, అచ్చం వాళ్ల నానమ్మ గొంతులా ఉంది.

నానమ్మ చెవిమీంచి చెయ్యి తీసింది. తర్వాత మైకు వైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్లూ నా చెవిలో పువ్వులు పెట్టావన్నమాట."

"నాకు చదవడం రాదు నానమ్మా," అన్నాడు మైకు. ఆ మాట వాడు మెల్లిగా అన్నాడు. అయినా ఆవిడకు వినపడింది.

"ఏడవకు. నీ కథ కూడా బాగానే ఉందిలే. ఆ మొసలి నాకు అలవాటైపోయింది. కాకపోతే గాలిలో చెప్తే లాభం లేదు, రోజుకో రకంగా మారుస్తున్నావు. కాగితం మీద రాయి. నీ చెల్లెలు చదివి వినిపిస్తుంది. అప్పుడు నువ్వు మాట మార్చడానికి వీల్లేదు."

మాస్టారికి ఆ సాయంత్రం ఒక ఆలోచన వచ్చింది. మర్నాడు పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్లి, మా అమ్మను తరగతిలో కూర్చోబెట్టుకుంటాను, అనుమతి ఇవ్వండి అని అడిగారు.

"పాఠం చెప్పడానికా?"

"కాదండీ. వినపడకపోవడానికి."

పెద్ద మేడమ్ కళ్లజోడు తుడవబోయి మానేశారు. "కానివ్వండి. టీ తాగని ఇన్‌స్పెక్టరు వస్తున్నప్పుడు ఏదైనా చేయాల్సిందే."

అలా నానమ్మ వెనక బెంచీకి వచ్చింది. అమ్మాయిలు ముందు బెంచీల్లోకి వచ్చారు. ఒక్కొక్కరూ నల్లబల్ల దగ్గర నిలబడి పేజీ చదవాలి. నానమ్మ అరచెయ్యి చెవికి ఆనించి కూర్చునేది. ఆవిడ అనేది ఒకే మాట.

"వినపడలా."

మొదటిరోజు తాళాల షాపాయన కూతురు "ఒక ఊరిలో" అన్న మాట పదిసార్లు అని కూర్చుంది. రెండోరోజు ఊరిలోంచి అడవిలోకి వెళ్లింది. నానమ్మ మెచ్చుకునేది కాదు, కోప్పడేది కాదు. ఆవిడకు నిజంగానే వినపడేది కాదు. అందులో నటన లేదు కాబట్టే పిల్లలకు సిగ్గు పోయింది. పరీక్ష పెట్టేవాళ్ల ముందు గొంతు పూడుకుపోతుంది. కథ తెలుసుకోవాలని ఆత్రంగా చెవి ఒగ్గిన ముసలావిడ ముందు పూడుకుపోదు.

"తర్వాత ఏమైందే? మింగుతున్నావేంటి మాటలు? నమలకుండా చెప్పు."

నాలుగోవారం వచ్చేసరికి నాలుగో తరగతి టీచరమ్మ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మాస్టారూ, మీ ఆడపిల్లలకి ఏమైంది? మా క్లాసులో లెక్కలు చెప్పలేకపోతున్నాను. ఇదివరకు మైకు ఒక్కడే. ఇప్పుడు సగం తరగతి మైకులే."

"మన్నించండి మేడమ్. మా అమ్మకు వినపడాలి."

అబ్బాయిల సంగతి అంత తేలిగ్గా లేదు. బీరువా తాళంచెవి మాస్టారు నిజంగానే మరిచిపోయారు. ఆ జాబితాలో ఆయన అన్నిటికన్నా పూర్తిగా చేసిన పని అదే. తాళాల షాపాయన వచ్చి తీయాల్సి వచ్చింది. లోపలినుంచి వచ్చిన నోటుపుస్తకాలు చూసి ఆయన, "ఇవి దాయడానికా తాళం వేశారు? మా వీధిలో అయితే కాల్చేసేవాళ్లు," అన్నాడు. తన మేనల్లుడి పుస్తకం బయటపడేసరికి బీరువాకు మళ్లీ తాళం వేయబోయాడు.

ప్రతి అబ్బాయి పక్కనా ఒక అమ్మాయి కూర్చుని అక్షరాలు దిద్దించేది. ఇన్నేళ్లూ నోరు కదపని పిల్లలకు నోరొస్తే ఎలా ఉంటుందో అబ్బాయిలకు అప్పుడు తెలిసింది.

"అది 'మ' కాదు. దానికి కొమ్ము ఏది?"

"ఉంది కదా."

"అది కొమ్మా? దోమ వాలిందేమో అనుకున్నా. చెరిపెయ్."

"చెరిపితే కాగితం చిరుగుతుంది."

"చిరగనీ. ఇంకోటి తీసుకో."

మూడో తరగతి చరిత్రలో మొదటిసారి అబ్బాయిల వైపునుంచి చప్పుడు లేదు. నాలుకలు బయటపెట్టి రాస్తున్నారు. నాలుక బయట ఉంటే అల్లరి చేయడం కుదరదని మాస్టారు కొత్తగా తెలుసుకున్నారు. అబ్బాయిలకు ఇంకో సంగతి తెలిసింది. ఇన్నాళ్లూ గాలిపాటలా అప్పజెప్పిన పాఠాల్లో మాటలు విడివిడిగా ఉంటాయని, ప్రతి మాటకూ ఒక అర్థం ఉంటుందని. "గరుకు అంటే ఏంటి నాన్నా?" అని మైకు ఒకరోజు అడిగాడు. ఆ మాట వాడు ఎన్నిసార్లు అప్పజెప్పాడో లెక్కలేదు. మాస్టారు వాడి వేలు పట్టుకుని గోడమీద రుద్ది చూపించారు.

ఇంటి దగ్గర మైకు రోజూ తన కథ రాసేవాడు. ముత్యం చదివేది. నానమ్మ తలాడించేది. ఆ కథలో నర్సు మొసలికి కట్టు కట్టింది, మొసలి ఆస్పత్రికి కాపలా ఉద్యోగంలో చేరింది. ప్రతి వాక్యంలోనూ మొసలి ఉండేది. మొదట్లో ఆ మాటలో ఏ అక్షరమూ దాని చోట ఉండేది కాదు, నెల తిరిగేసరికి అన్నీ కుదురుకున్నాయి. నానమ్మ కాగితం తన దగ్గరికి లాక్కునేది. "ఎక్కడుందే నా మొసలి?" అనేది. ముత్యం వేలు పెట్టి చూపించేది. ఆవిడ కాసేపు దానివంకే చూసేది.

ఇన్‌స్పెక్షను రోజు రానే వచ్చింది. ఇన్‌స్పెక్టరమ్మ పొట్టి మనిషి, మెత్తటి గొంతు. టీ తాగలేదు. పటం చూడలేదు. పూలకుండీ పక్కకు పెట్టి, కాలు విరిగిన బెంచీ మీద కూర్చోబోయింది. మాస్టారు ఎగిరి బెంచీ పట్టుకుని, కుర్చీ వేశారు.

ఒక్కొక్కరినీ పిలిచింది. మొదట తాళాల షాపాయన కూతురు. పేజీ చేతికి రాగానే ఆ పిల్ల వెనక బెంచీ వైపు తిరిగి, రెండు కాళ్లూ ఎడంగా పెట్టి చదివింది. ఇన్‌స్పెక్టరమ్మ కుర్చీ రెండడుగులు వెనక్కి జరుపుకుంది.

"నేను ఇక్కడే ఉన్నానమ్మా," అంది.

"మీకు కాదండీ. నానమ్మకి," అంది ఆ పిల్ల, చదువుతూనే.

ముత్యం వంతు వచ్చింది. పేజీ వర్షం గురించి. ముత్యం చదువుతుంటే వీధిలో సైకిలు మీద పోతున్న ఒకాయన ఆగి ఆకాశం వంక చూశాడు. వాక్యాలు రాయడం సరేసరి, ఇన్‌స్పెక్టరమ్మ ఆ కాగితాన్ని పక్కన పెట్టుకుని తర్వాత రెండుసార్లు తీసి చూసుకుంది.

తర్వాత మైకు. మాస్టారు కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. మైకు పేజీ పట్టుకున్నాడు. అంత నెమ్మదైన మైకును బడి ఎన్నడూ వినలేదు. ఒక్కొక్క అక్షరం మీదా వేలు పెట్టి, మధ్యలో ఆగి, వెనక్కి వెళ్లి, మళ్లీ వచ్చాడు. ఒకచోట ఇరుక్కుపోయాడు. ఆ క్షణంలో మొసలి పాఠం అందుకుని గడగడా చెప్పేస్తాడేమోనని మాస్టారు భయపడ్డారు. వాడు అందుకోలేదు. ఆ మాటను మూడు ముక్కలు చేసుకుని, ఒక్కొక్క ముక్కా లాగి, బయటపడ్డాడు. రాయమంటే అయిదు వాక్యాలు రాశాడు. పెన్సిలు ములుకు విరిగితే ముత్యం తనది ఇచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ చదివి నవ్వింది. "మొసలి ఆస్పత్రికి కాపలానా?"

"అవునండీ. దానికి నాలుగు కాళ్లు కలవు కాబట్టి అలిసిపోదు."

ఆవిడ మాస్టారితో అంది. "ఈ అబ్బాయి నెమ్మదిగా చదువుతాడు. కానీ ఉన్నదే చదువుతాడు."

మాస్టారికి ఆ రోజు దాకా ఎన్నో మెప్పులు వచ్చాయి. కళ్లు తడిసింది ఆ మాటకే.

అందరూ గట్టెక్కలేదు. వెనకబడిన అబ్బాయిలు కొందరు, ఇంకా మాట గొంతు దాటని అమ్మాయి ఒకతీ ఉండిపోయారు. సెలవుల తర్వాత మళ్లీ వస్తాను, అప్పటికి చదివించండి అంది ఇన్‌స్పెక్టరమ్మ. తర్వాత తలెత్తి వెనక బెంచీ వైపు చూసింది. "అక్కడ ఇంకొకరున్నారు. రండి."

"ఆవిడ మా అమ్మండీ," అన్నారు మాస్టారు కంగారుగా. "పిల్లల్లో లెక్క కాదు."

"తరగతిలో కూర్చున్నవాళ్లందరినీ పిలవమన్నారు నన్ను," అంది ఇన్‌స్పెక్టరమ్మ. వేళాకోళమో నిజమో ఆ మెత్తటి గొంతులో తెలియలేదు. లేచి వెళ్లి, పేజీ నానమ్మ చేతిలో పెట్టింది.

పిల్లలందరూ వెనక్కి తిరిగారు. మాస్టారు తన చేతుల వంక చూసుకున్నారు. ఊళ్లో పిల్లలందరికీ అక్షరాలు దిద్దించిన చేతులవి. ఇంట్లో వాలుకుర్చీ దాకా ఒక్కనాడు వెళ్లలేదు. అమ్మకు చదవడం రాదని ఆయనకు తెలుసు. రాకపోవడం ఒక లోటని మాత్రం ఆ నిమిషం దాకా తట్టలేదు. ఆయన తండ్రికి తట్టలేదు, తాతకూ తట్టలేదు.

నానమ్మ కాగితం దూరంగా పట్టుకుని చూసింది. దగ్గరగా పట్టుకుని చూసింది. వేలు పెట్టి మొదటి వరసనుంచి చివరి వరసదాకా ఓపిగ్గా వెతికింది. తర్వాత కాగితం తిరిగి ఇచ్చేసింది.

"నాకు ఒక్క మాటే వచ్చమ్మా. మొసలి. ఇందులో లేదు."

ఇన్‌స్పెక్టరమ్మ పేజీ మొత్తం ఒకసారి తానూ చూసింది. "నిజమే. లేదు," అంది.

సెలవుల తర్వాత బడి తెరిచిననాడు కవలలిద్దరూ నాలుగో తరగతిలోకి వెళ్లారు. అక్కడి టీచరమ్మ చెవుల్లో దూది పెట్టుకుని వచ్చిందని చెప్పుకున్నారు గాని, అది పుకారు. మూడో తరగతిలో మాస్టారు మొదటి పని పటానికి మేకు కొట్టడం కాదు, బెంచీలు కలిపివేయడం. రెండో పని వెనక బెంచీ మీదున్నావిడను ముందుకు తెచ్చి కూర్చోబెట్టడం. ఆవిడ ఒప్పుకోలేదు. వినడానికి వెనకే బాగుంటుంది అంది. చివరికి బేరం కుదిరింది. పలక పట్టుకుని పొద్దున ముందు బెంచీలో, చెయ్యి చెవికి ఆనించుకుని మధ్యాహ్నం వెనక బెంచీలో. ఆ ఏడాది చివరికి సీరియల్ తనే చదువుకుంది. పైకే చదివేది, తనకు వినపడాలి కాబట్టి వీధంతటికీ వినపడేలా.

మీరెప్పుడైనా ఏ బడి పక్కనుంచైనా నడిచి వెళ్తున్నప్పుడు, గోడ అవతలనుంచి ఒక ఆడపిల్ల గొంతు బెదురులేకుండా వీధిలోకి వస్తే, ఒక మగపిల్లాడు ఎక్కడో నాలుక బయటపెట్టి మెల్లిగా అక్షరం దిద్దుకుంటున్నాడనిపిస్తే, ఒక్క క్షణం ఆగండి. వెనక బెంచీ మీద కూర్చుని "వినపడలా" అన్న ఆ నానమ్మను ఒకసారి తలుచుకోండి.